టాటింగ్ హ్యాంగింగ్స్: రింగు బిగియదు, పూస ఎక్కదు, జత కలవదు... ఏం చేయాలి?

టాటింగ్ అంటే షటిల్ అనే చిన్న పడవ ఆకారపు పనిముట్టుకి దారం చుట్టి, ముళ్లు వేస్తూ లేసు అల్లడం. అందులో రింగు (గుండ్రంగా బిగించిన ముళ్ల వరస), చైను (విల్లులా సాగే ముళ్ల వరస), పికో (ముళ్ల మధ్య వదిలే చిన్న దారపు ఉచ్చు) వేయడం వచ్చి, వాటికి పూసలు చేర్చి చెవులకి హ్యాంగింగ్స్ చేద్దామని కూర్చున్నవారి కోసం ఇది. ఉత్త లేసు చక్కగా వచ్చే చేతికి కూడా పూసలు చేరగానే చిక్కులు మొదలవుతాయి. నా లెక్కలో వాటిలో సగానికి పైగా మొదటి ముడి వేయకముందే ఖాయమైపోతాయి. ఏ దారం, పూస రంధ్రం ఎంత, పూసని ఏ దారానికి గుచ్చారు అన్న మూడు సంగతులు ముందే చూసుకుంటే చాలావరకు టెన్షన్ ఉండదు.

రింగు బిగియడం లేదు

అందరికీ ముందుగా ఎదురయ్యేది ఇదే. షటిల్ దారం ఎంత లాగినా రింగు మూసుకోదు, ఇంకా లాగితే దారం తెగుతుంది.

ఎక్కువసార్లు కారణం ఎక్కడో ఒక ముడి తిరగకపోవడం. టాటింగ్‌లో ముడి పడాల్సింది వేళ్ల చుట్టూ ఉన్న దారంతో. షటిల్ దారం ఆ ముళ్ల మధ్యలోంచి నిటారుగా పోవాలి. షటిల్‌ని చుట్టి తీయగానే ముడి మొదట షటిల్ దారంతోనే పడుతుంది. అప్పుడు ఎడమ చేతి వేళ్లు సడలించి షటిల్ దారాన్ని బిగువుగా లాగితే ఆ మెలిక అవతలి దారం మీదికి గెంతుతుంది. వేళ్లు సడలించకుండా లాగితే గెంతదు, అక్కడే తాళం పడిపోతుంది. ఒక్క అర ముడి (రెండు సగాలుగా పడే ముడిలో ఒక సగం) అలా ఉండిపోయినా రింగు మొత్తం ఆగిపోతుంది.

ఏ ముడో కనిపెట్టడానికి గోటితో ముళ్లని ఒక్కొక్కటిగా అటూ ఇటూ జరపండి. మంచి ముడి లోపలి దారం మీద జారుతుంది. జరగకుండా మొండికేసిందే దోషి. అంతవరకూ సన్నటి సూది మొనతో విప్పి మళ్లీ వేయాలి, వేరే దారి లేదు. నరసాపురం, పాలకొల్లు వైపు క్రోషా లేసు అల్లే చేతులకి ఇది విసుగు తెప్పిస్తుంది. క్రోషాలో కొస లాగితే వరసలకి వరసలే ఊడొస్తాయి, ఇక్కడ ప్రతి ముడీ విడిగా విప్పాలి. అందుకే పూసలతో పని చేసేటప్పుడు ప్రతి పికో తర్వాత ఒకసారి షటిల్ దారం లాగి, జారుతోందో లేదో చూసుకోవడం మంచిది.

ముళ్లన్నీ సరిగ్గానే ఉన్నా బిగియడం లేదంటే దారం సంగతి చూడండి. జరీ దారం గరుకు. ముళ్ల మధ్యలోంచి జారదు, గట్టిగా లాగితే మీది మెరుపు పొర లేచిపోతుంది. జరీని చైనులకి మాత్రం బంతి దారంగా (షటిల్‌కి చుట్టకుండా ఉండ నుంచి నేరుగా వచ్చే దారంగా) వాడి, షటిల్‌లో నున్నటి కాటన్ దారం పెట్టండి. చైనులో పైకి కనిపించేది బంతి దారమే కాబట్టి మెరుపు ఎక్కడికీ పోదు. జరీతోనే రింగు కావాలంటే ముళ్లు తగ్గించి చిన్న రింగులు వేసుకోండి.

ఇక మూసేసిన రింగుని తెరవాల్సి వస్తే, కత్తెర తీయకండి. రింగులో చివరి పికో దగ్గర దాని రెండు పక్కల ముళ్లనీ గోళ్లతో విడదీస్తే మధ్యలో లోపలి దారం కనిపిస్తుంది. సూదితో దాన్ని పైకెత్తితే చిన్న మెలికలా వస్తుంది. దాని ముందు పికో దగ్గరా అలాగే చేసి ఆ వదులుని అక్కడికి లాగండి. అలా వెనక్కి వస్తూ మొదటి ముడి దాకా చేరితే రింగు తెరుచుకుంటుంది. పికోకి పూస ఉంటే పట్టు ఇంకా సులువు. పికోలు లేని రింగు మాత్రం తెరుచుకోవడం చాలా కష్టం.

పూస దారానికి ఎక్కడం లేదు

దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం అవుతుంది, పూస నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 నంబరు 2 మిల్లీమీటర్ల పైచిలుకు, 15 నంబరు ఒకటిన్నర. మామూలుగా 10 నంబరు కాటన్‌కి 8 పూస, 20కీ 40కీ 11 పూస, 80కి 15 పూస నప్పుతాయి. 20 దారానికి 11 పూస కాస్త బిగుతుగానే ఉంటుంది. మియుకి, తోహో లాంటి జపాన్ పూసల్లో రంధ్రాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫ్యాన్సీ షాపుల్లో తూకానికి అమ్మే గాజు పూసల్లో ఒకటి ఎక్కితే రెండోది ఎక్కదు.

దారం కొసని ఏటవాలుగా కత్తిరించి, అంగుళం మేర నెయిల్ పాలిష్ రాసి ఆరనిస్తే అదే సూదిలా పనిచేస్తుంది. ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది: సన్నటి పూసల సూదికి మామూలు కుట్టు దారం ఎక్కించి, రెండు కొసలూ కలిపి ముడి వేయండి. ఆ ఉచ్చులోంచి టాటింగ్ దారం కొస దూర్చండి. పూసలు సూది మీద ఎక్కించి కిందికి జారిస్తే వాటంతట అవే లావు దారం మీదికి దిగుతాయి. దిగని పూసని పక్కన పడేయండి. బలవంతం చేస్తే పూస పగులుతుంది, లేకపోతే దారం పీచు లేస్తుంది.

ఒక మెలిక ఉంది. పికోని సన్న క్రోషా హుక్కుతో పూసలోంచి లాగి పక్క భాగానికి జోడించే డిజైన్లలో పూసలోంచి దారం రెండు పొరలుగా వెళ్లాలి. గుచ్చడానికి సరిపోయిన పూస అక్కడ సరిపోదు. దానికి ఒక సైజు పెద్ద పూస తీసుకోండి, లేదా దారం సన్నం చేయండి.

పూస కావలసిన చోటికి రావడం లేదు

రింగు సగం అయ్యాక చూస్తే పూసలన్నీ షటిల్ వైపే ఉండిపోతాయి, వేళ్ల చుట్టూ ఉన్న దారంలో ఒక్కటీ ఉండదు. రింగు పికోల మీద కూర్చోవాల్సిన పూసలు షటిల్ దారానికే గుచ్చి, మొదటి ముడి వేయకముందే లెక్క ప్రకారం వేళ్ల చుట్టూ ఉన్న దారంలోకి తెచ్చుకోవాలి. ఐదు పూసల రింగు అయితే ఐదూ చేతి వెనక్కి తోసి పెట్టుకోవాలి. చైను పికోలకి కావలసిన పూసలు బంతి దారానికి గుచ్చాలి. రెండు రింగుల మధ్య దారం మీద నిలిచే పూసలు షటిల్ దారానికే గుచ్చినా, వాటిని వేళ్ల చుట్టూ తేకూడదు.

మరిచిపోతే మొత్తం విప్పనక్కర్లేదు. ఆ చోట ఖాళీ పికో కాస్త పొడుగ్గా వదిలి, తర్వాత జోడించే చోట హుక్కుతో పూస తొడగండి. జోడింపు లేని పికో అయితే ఆ రింగు విప్పక తప్పదు.

పూసలు షటిల్ మొనల మధ్య ఇరుక్కుంటుంటే, ఒకేచోట కుప్పగా చుట్టారని అర్థం. ఒకటి రెండు చుట్లకి ఒక పూస చొప్పున కలుపుతూ చుట్టండి, దారం కూడా తక్కువ నింపండి.

పూస పికో మీద వదులుగా ఊగుతుంటే, దాని తర్వాతి ముడి దూరంగా పడింది. పూసని ముందు ముడికి ఆనించి, తర్వాతి ముడి దాని పక్కనే బిగించండి.

రెండు చెవులకీ జత కలవడం లేదు

ఒకటి పొడవు, ఒకటి పొట్టి. నిన్నటి చేతి బిగువు ఇవాళ ఉండదు కాబట్టి ఒకటి పూర్తిచేసి మర్నాడు రెండోది మొదలుపెడితే ఇలాగే అవుతుంది. రెండు షటిల్స్ నింపుకుని, మొదటిదానికి ఒక రింగు, రెండోదానికి అదే రింగు, ఇలా రెండూ కలిసి నడిపించండి. పికోల ఎత్తుకి 5 మిల్లీమీటర్ల వెడల్పున గట్టి అట్టముక్క కత్తిరించి పెట్టుకోండి. పూసలు కూడా ముందే ఒక పళ్లెంలో పోసి, బక్కవి, లావువి ఏరేసి, ఒకే తీరుగా ఉన్నవి రెండు వాటాలు వేసుకోవాలి. తూకపు పూసలైతే ఈ ఏరివేత తప్పదు.

దొప్పలా ముడుచుకుంటోంది, లేదా వేలాడిపోతోంది

దొప్పలా ముడుచుకుంటే చైనులో ముళ్లు తక్కువయ్యాయి, లేదా చైను మరీ బిగించారు. అంచు అలలు అలలుగా లేస్తే ముళ్లు ఎక్కువయ్యాయి. ఒకటి రెండు ముళ్ల తేడాని తడిపి, పిన్నులతో పరిచి ఆరబెట్టి సర్దవచ్చు. అంతకు మించితే డిజైన్ మార్చాల్సిందే. మామూలు గుండుసూదులు తుప్పు మరక వేస్తాయి, తుప్పు పట్టని పిన్నులే వాడండి.

ఆకారం సరిగ్గానే ఉన్నా వేలాడిపోతే గట్టిదనం ఇవ్వాలి. గంజి పెడితే చూడటానికి బాగుంటుంది కానీ చెమటకీ, వానకాలం తేమకీ మెత్తబడుతుంది. పంచదార పాకం పెట్టమని కొందరు చెబుతారు. మన ఇళ్లలో చీమలకి విందు పెట్టడమే అది. ఒక వంతు ఫెవికాల్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి, సన్న బ్రష్షుతో వెనకవైపు దారానికి మాత్రమే రాయండి. పూస మీద పడితే మెరుపు మసకబారుతుంది కాబట్టి ఆరకముందే తడి గుడ్డతో తుడిచేయాలి.

దారం పీచు లేస్తోంది, తెగుతోంది

సిల్క్ థ్రెడ్ గాజులు చుట్టగా మిగిలిన దారంతో ప్రయత్నించేవారికి ఇది తప్పదు. ఆ దారానికి పురి ఉండదు, ముడిలో పోగులు విడిపోతాయి. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులూ అంతే. చేతికి వచ్చేదాకా గట్టి పురి ఉన్న కాటన్‌తోనే చేయడం నయం. సిల్క్ మెరుపు కావాలంటే కింద కుచ్చుకి వాడుకోండి.

పూస దగ్గరే తెగుతుంటే దారాన్ని కాదు, పూసని అనుమానించండి. గొట్టం పూసల అంచులు కోసుకుపోయేలా ఉంటాయి. గొట్టం పూసకి అటొక గుండ్రటి చిన్న పూస, ఇటొకటి వేస్తే దారానికి అంచు తగలదు.

హ్యాంగింగ్ పక్కకి తిరిగి ఉంటోంది

పెట్టుకుంటే డిజైన్ ముందుకి కాకుండా మెడ వైపు చూస్తుంటే, లోపం అల్లికలో లేదు. హుక్కు కింది రింగు ఏ వైపు తెరుచుకుని ఉందో దాన్ని బట్టి కింద వేలాడేది తిరుగుతుంది. ఒక జంప్ రింగు (తెరిచి మూయగల చిన్న లోహపు రింగు) చేర్చినా, ఉన్నది తీసేసినా పావు చుట్టు తిరిగి సరైపోతుంది. జంప్ రింగుని బయటికి విడదీసి తెరవకండి, గుండ్రం పోతుంది. రెండు పట్టకారులతో ఒక కొసని ముందుకి, ఒకదాన్ని వెనక్కి తిప్పి తెరిచి, అలాగే మూయాలి. మూశాక గోటితో సందు తడిమి చూడండి. వెంట్రుకంత ఎడం మిగిలినా దారం అందులోంచి మెల్లగా జారిపోతుంది. దానికి భయపడితే అతుకు వేసి మూసిన రింగుని అల్లేటప్పుడే చివరి పికోలో కలిపేయండి.

చివర్లు ఊడుతున్నాయి

కాటన్ అయితే కొసని ముళ్ల లోపలికి సూదితో కుట్టి, ఒకసారి వెనక్కి తిప్పి కత్తిరిస్తే నిలుస్తుంది. పాలిస్టర్, నైలాన్ జారుడు దారాలు అలా నిలవవు. కొసని పక్క పూసలోంచి తీసి, ముడి మీద సూది మొనతో జిగురు చుక్క పెట్టండి. ఎరుపు, మెరూన్ దారాలు తెలుపు పక్కన వేస్తుంటే, పని మొదలుపెట్టక ముందే జానెడు ముక్క తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కండి. రంగు అంటితే ఆ దారం ఫెవికాల్ నీళ్లకీ, చెవి దగ్గర చెమటకీ కూడా వదులుతుంది.