మీ ఒంటికి ఏ బౌలింగ్ యాక్షన్ కుదురుతుంది?

నెల్లూరు వి.ఆర్.సి. గ్రౌండులో ఆడే పిల్లలైనా, ఒంగోలు నెట్స్‌లో ఆడే పిల్లలైనా ఫాస్ట్ బౌలింగ్ అనగానే బుమ్రాను చూసి చెయ్యి చాపేస్తుంటారు. ఆ యాక్షన్ ఆయన కీళ్లకు కుదిరింది. మీ ఒంటికి ఏది కుదురుతుందో మీ వెనక కాలే చెబుతుంది.

క్రీజు దగ్గర మట్టి మీద కాసిని నీళ్లు చల్లండి. బంతి లేకుండా పరుగెత్తుకొచ్చి, ఏమీ ఆలోచించకుండా ఎగిరి దిగండి. అయిదారు సార్లు చేశాక వెనక కాలి బూటు గుర్తులు చూడండి (కుడిచేతి బౌలర్‌కైతే కుడి కాలు). గుర్తు క్రీజుకు సమాంతరంగా పడితే సైడ్ ఆన్. వేళ్లు బ్యాటర్ వైపుంటే ఫ్రంట్ ఆన్. ఏటవాలుగా ఉంటే మధ్యస్థం. మూడూ మంచివే.

ఇక భుజాలు. పాదం ఎటు చూస్తే నడుము, భుజాలు కూడా అటే చూడాలి. సైడ్ ఆన్ వాళ్లు ఎడమ భుజం మీదుగా వికెట్‌ను చూడాలి. ఫ్రంట్ ఆన్ వాళ్లు ఎడమ చేతికి లోపలి నుంచి చూడాలి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, అంపైర్ నిలబడే చోటి నుంచి తీస్తే తేడా తెలిసిపోతుంది.

అసలు ప్రమాదం సైడ్ ఆన్, ఫ్రంట్ ఆన్ రెండూ కలిసిపోయినప్పుడే. పాదం బ్యాటర్ వైపు దిగుతుంది, భుజాలేమో పక్కకు తిరిగి మళ్లీ వెనక్కి వస్తాయి. ఆ మెలి 30 డిగ్రీలు దాటేకొద్దీ నడుము కింది వెన్నుపూసల్లో సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కుడిచేతి వాళ్లకు ఎక్కువగా ఎడమ పక్క నొప్పి మొదలవుతుంది. ఎముకలు ఇంకా ముదరని 13-18 ఏళ్ల పిల్లలకు ముప్పు ఎక్కువ. ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగితే నొప్పి పుట్టిందా, బౌలింగ్ ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.

పొడుగ్గా సన్నగా ఉండేవాళ్లు చివరి అంగ మరీ సాచకూడదు. సాచితే ఎత్తు తగ్గి బౌన్స్ పోతుంది, తల ఎడమకు ఒరిగి బంతి లెగ్ సైడుకు జారుతుంది. ముందు మోకాలు నిటారుగా నిలిపి, దాని మీదుగా బంతి వదలండి. పొట్టిగా గట్టిగా ఉండేవాళ్లకు రన్నప్ వేగమే పెట్టుబడి. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మాల్కం మార్షల్ ఎత్తు ఆరడుగుల లోపే, అయినా వేగంగా జారే బంతితో బ్యాటర్లను వణికించాడు. ఛాతీ, నడుము బిగుసుగా ఉన్నవాళ్లను సైడ్ ఆన్‌కు తిప్పొద్దు.

మైపాడు బీచ్ ఇసుకలో పరుగు తీయండి, మంచిదే. బౌలింగ్ మాత్రం అక్కడ వద్దు: ముందు కాలు దిగబడిపోయి మోకాలు వంగే అలవాటు పడుతుంది. మార్చిన యాక్షన్‌ను మొదట నిలబడిన చోటి నుంచి, తర్వాత నాలుగడుగుల నడకతో, ఆ తర్వాతే పూర్తి రన్నప్‌తో వెయ్యండి.