క్యాండీ యాపిల్ చేయాలంటే ముందు తడిని తరిమేయాలి

మా అమ్మాయికి ఏడేళ్లున్నప్పుడు ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, పుల్లకు గుచ్చిన ఎర్రటి యాపిల్ బొమ్మ మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది చేసిపెడతావా?" అని అడిగింది. చేశాను. చూడ్డానికి అద్దంలా మెరిసింది గానీ, కొరికితే టక్కున పగలాల్సిన పంచదార పాకం పూత పంటికి బంకలా పట్టుకుంది. రెండోసారి పూత గట్టిగానే వచ్చింది, కానీ పండుకు అంటుకోకుండా పెంకులా ఊడి పళ్లెంలో పడింది. మూడోసారి పండు ముంచేదాకా కూడా రాలేదు. గిన్నెలో పాకం నా కళ్ల ముందే పలుకులు కట్టి తెల్లగా అయిపోయింది.

ఇప్పుడు తనకు పదిహేనేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఇందులో సగానికి పైగా పని తడిని తరిమేయడమే. తొక్క మీద తడి, పాకంలో తడి, గాలిలో తడి. నా మొదటి రెండు యాపిల్స్ చెడింది ముఖ్యంగా తడి వల్లే. మూడోదాని కథ వేరు, అది పాకం దగ్గర చెబుతాను.

పండు సంగతి ముందు

చిన్న పండ్లు తీసుకోండి. ఒక్కోటి 120 నుంచి 150 గ్రాములు ఉంటే పిల్లల చేతికి సరిపోతుంది, పూతకీ పండుకీ పాళ్లు కుదురుతాయి. పెద్ద పండైతే పూత పైపైన అయిపోయి, తర్వాత వట్టి యాపిల్ తిన్నట్టే ఉంటుంది. పండు గట్టిగా, కాస్త పుల్లగా ఉండాలి. పైనంతా పంచదారే కాబట్టి లోపల పులుపు ఉంటేనే రుచి. ఆకుపచ్చ గ్రానీ స్మిత్ నాకు అన్నిటికన్నా ఇష్టం. అది లేకపోతే గాలా, ఫుజీ రకాల్లో చిన్నవి ఏరుకుంటాను. అవి తియ్యటి పండ్లే అయినా కరకరలాడతాయి. వేలితో నొక్కితే లోపలికి పోయే పండు మాత్రం వద్దు.

కొన్న పండ్ల మీద చాలావరకు సన్నటి మైనం పూత ఉంటుంది. గోటితో గీరి చూడండి, తెల్లగా వస్తే అదే. పాకం మైనాన్ని పట్టుకోదు. నా రెండో యాపిల్ పూత పెంకులా ఊడిపోవడానికి ఈ మైనం ఒక కారణం, సరిగ్గా తుడవకపోవడం ఇంకో కారణం. నీళ్లు మరిగించి, దించి, అందులో ఒక పెద్ద చెంచా వెనిగర్ వేయండి. ఒక్కో పండునీ 10 సెకన్లు ముంచి తీసి, వెంటనే పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే తొక్క ఉడుకుతుంది. మైనం పోయిన తొక్క తన మెరుపు తగ్గి కాస్త మసకగా కనిపిస్తుంది, గుడ్డతో రుద్దితే కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినపడేదాకా నేను వదలను.

తొడిమ పీకేశాక అక్కడుండే గుంటలోకి ఒకసారి తొంగి చూడండి. పండంతా పొడిగా ఉన్నా ఆ గుంటలో ఒక నీటిబొట్టు దాక్కుని ఉంటుంది. గుడ్డ కొసను మెలితిప్పి లోపలికి దూర్చి తిప్పితే వచ్చేస్తుంది. ఆ ఒక్క బొట్టు మీద 150 డిగ్రీల సెల్సియస్ పాకం పడితే చిటపటమని చిందుతుంది, అక్కడ పూతలో బుడగలూ లేస్తాయి.

ఆరిన పండ్లను రాత్రంతా బయటే ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పండును ముంచకూడదు, దానికి చెమట పడుతుంది. పుల్లలు మాత్రం ముంచే ముందే గుచ్చాలి. గట్టి చెక్క పుల్లను తొడిమ గుంటలోంచి నిటారుగా, పండులో మూడింట రెండొంతుల లోతుకు దించండి. అడుగు చీల్చుకుని బయటికి రాకూడదు. పుల్ల చుట్టూ రసం ఊరితే తుడిచేయండి.

పాకం మొదలుపెట్టే ముందు

పాకం కుదిరాక దేనికోసమూ వెతుక్కునే టైమ్ ఉండదు. కాబట్టి అన్నీ స్టవ్ పక్కనే సర్దుకోండి. ఒక పళ్లెంలో సిలికాన్ మ్యాట్ గానీ, నెయ్యో వెన్నో రాసిన బేకింగ్ పేపర్ గానీ పరవండి. మైనపు కాగితం వాడొద్దు, వేడికి కరిగి పూతకు అంటుకుంటుంది. ఒక పెద్ద గిన్నె నిండా చల్లటి నీళ్లు పెట్టుకోండి, పొరపాటున చేతి మీద పాకం పడితే వెంటనే ముంచడానికి. మరిగే నీళ్లు పడితే జారిపోతాయి, పాకం జారదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. దాన్ని పీకడానికి ప్రయత్నించకండి. ముందు నీళ్లలో చల్లార్చి, తర్వాత 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి, ఐస్ పెట్టొద్దు. బొబ్బ లేచినా, కాలింది పెద్దదిగా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. పిల్లలకు పండు రుద్దడం, పుల్ల గుచ్చడం అప్పజెప్పండి. పాకం పొయ్యి మీదికి ఎక్కాక మాత్రం వాళ్లు వంటగదిలో ఉండకూడదు. మా అమ్మాయి ఎంత బతిమాలినా పన్నెండేళ్లు వచ్చేదాకా నేను ఒప్పుకోలేదు.

పాకం

ఆరు చిన్న పండ్లకు 400 గ్రాముల పంచదార, 180 మిల్లీలీటర్ల నీళ్లు, 120 మిల్లీలీటర్ల లిక్విడ్ గ్లూకోజ్ (తేనెలా చిక్కగా ఉండే సిరప్), అర టీస్పూన్ ఎర్రటి జెల్ ఫుడ్ కలర్. గిన్నె అడుగు మందంగా, వెడల్పు తక్కువగా, లోతుగా ఉండాలి. వెడల్పాటి గిన్నెలో పాకం పలచగా పరుచుకుంటుంది, పండు మునగదు.

గ్లూకోజ్ ఎందుకంటే, పంచదారకు మళ్లీ పలుకు కట్టాలన్న పట్టుదల ఎక్కువ. ఒక్క పలుకు దొరికితే చాలు, దాని చుట్టూ మిగతాదంతా చేరిపోతుంది. నా మూడో యాపిల్ కథ అదే. గిన్నె అంచుకు అంటుకున్న నాలుగు పలుకులు గరిటెతో కలపడం వల్ల పాకంలో పడ్డాయి, అంతే. గ్లూకోజ్ ఆ పలుకులు కట్టకుండా అడ్డుపడుతుంది. అది లేకపోతే ఒక టీస్పూన్ నిమ్మరసం వేయండి. పులుపు కొంత పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. కానీ ఎక్కువ వేయొద్దు, ఫ్రక్టోజ్ గాలిలో తడిని తొందరగా లాగేసుకుంటుంది.

పంచదార, నీళ్లు, గ్లూకోజ్, రంగు అన్నీ మొదట్లోనే వేసి, మధ్యస్థపు సెగ మీద పంచదార కరిగేదాకా మాత్రమే కలపండి. మరగడం మొదలయ్యాక గరిటె పక్కన పెట్టేయండి. గిన్నె మీద రెండు మూడు నిమిషాలు మూత పెడితే లోపలి ఆవిరి అంచుల మీది పలుకుల్ని కడిగేస్తుంది. తర్వాత మూత తీసి వంటకు వాడే థర్మామీటర్ పెట్టండి. దాని కొన గిన్నె అడుగుకు తగలకూడదు.

ఇక చూడాల్సింది వేడి ఒక్కటే. పాకం ఎంత వేడెక్కిందో చెబితే అందులో ఎంత నీరు మిగిలిందో చెప్పినట్టే. 115 డిగ్రీల దగ్గర అది మెత్తటి ఉండపాకం, అందులో ఇంకా 15 శాతం దాకా నీరుంటుంది. 135 దాటితే తీగలా సాగి, వంచితే ముందు వంగి తర్వాత విరుగుతుంది. నా మొదటి యాపిల్ ఇక్కడే ఆగిపోయింది, అందుకే పంటికి పట్టుకుంది. 150కి చేరితే మిగిలే నీరు ఒక శాతం. అప్పుడే పూత గాజులా పగులుతుంది. 160 దాటిందంటే మాడు రుచి మొదలు. అంటే మనకున్న జాగా 149 నుంచి 154 వరకు, ఐదంటే ఐదు డిగ్రీలు.

థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో ముందే చూసుకోండి. మరుగుతున్న నీళ్లలో పెడితే 100 చూపించాలి. మీరుండేది ఎత్తు ప్రదేశమైతే నీళ్లే తక్కువ వేడికి మరుగుతాయి, దాదాపు ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున. అక్కడ 97 చూపిస్తే, పాకానికి చెప్పిన అంకెల్లోంచి కూడా 3 తీసేయండి.

మొత్తం 20, 25 నిమిషాలు పడుతుంది. మొదట్లో అంకె కదలనే కదలదు, 110 దగ్గర మొరాయిస్తుంది. టెన్షన్ పడి మంట పెంచొద్దు. నీళ్లు పోయేకొద్దీ వేడి పరుగెడుతుంది, 130 తర్వాత పక్కకు తిరగడానికి కూడా లేదు. బుడగల్ని చూసినా తెలుస్తుంది. మొదట పెద్దగా, పలచగా, తొందరగా పగిలే బుడగలు, చివరికి చిన్నగా, చిక్కగా, బద్ధకంగా లేస్తాయి. థర్మామీటర్ లేనివాళ్లు చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి, తీసి విరిచి చూడండి. ఏమాత్రం వంగకుండా టక్కుమనాలి. చుక్క వేసే ప్రతిసారీ మంట తగ్గించుకోండి.

149 రాగానే దించేయండి. గిన్నె వేడికి ఇంకో రెండు డిగ్రీలు తనంతట తానే పెరుగుతుంది.

వాసన కావాలంటే దాల్చిన చెక్క నూనె రెండు మూడు చుక్కలు ఇప్పుడు వేసి, గిన్నెను మెల్లగా తిప్పండి. ఆహారంలో వాడేందుకు పనికొచ్చే నూనె అని సీసా మీద చూసుకోండి. ఘాటు కళ్లకు తగులుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. ఎర్రటి క్యాండీ యాపిల్ పుట్టిందే దాల్చిన చెక్క రుచితోనని చెబుతారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరం పక్కనే ఉన్న నెవార్క్ ఊళ్లో విలియం కోల్బ్ అనే మిఠాయి వ్యాపారి 1908లో క్రిస్మస్ కోసం ఎర్రటి దాల్చిన చెక్క క్యాండీ తయారుచేస్తూ, అందులో యాపిల్స్ ముంచి షాపు కిటికీలో పెట్టాడట. జనం క్యాండీ వదిలేసి యాపిల్సే అడిగారట.

ముంచడం

దించిన పాకంలో బుడగలు అణిగేదాకా అర నిమిషం ఆగండి. గిన్నెను ఒక పక్కకు వంచి, పండును పుల్ల పట్టుకుని ముంచి, ఒక్క చుట్టు తిప్పి, పైకెత్తండి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. ఎత్తాక తొందరపడొద్దు. పండు అడుగున పాకం సన్నటి దారంలా కారుతుంది. ఆ దారం సన్నబడి, బొట్లు బొట్లుగా మారేదాకా గిన్నె మీదే తిప్పుతూ పట్టుకోండి. అప్పుడు కొనను గిన్నె అంచుకు ఒకసారి రాసి, పళ్లెంలో పెట్టేయండి. ఇలా ఆగకపోతే పాకమంతా కిందికి దిగి, పండు చుట్టూ మందపాటి చక్రం కడుతుంది. అది పిల్లల పళ్లకు చాలా గట్టి.

నాలుగో పండుకల్లా పాకం చిక్కబడుతుంది. సన్నని సెగ మీద నిమిషం పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఇది ఒక్కసారి చేయొచ్చు, రెండోసారికి రంగు నల్లబడి చేదెక్కుతుంది. పది, పదిహేను నిమిషాల్లో పూత గట్టిపడుతుంది. గోటితో కొడితే గాజు గ్లాసు మీద కొట్టినట్టు వినిపిస్తుంది.

ఎంతసేపు నిలవుంటాయి

వాన పడే రోజు వీటి జోలికి వెళ్లకండి. గాలిలో తడి ఎక్కువగా ఉంటే గంటలోనే పూత జిగురెక్కుతుంది. పొడి రోజుల్లో కూడా లోపలి నుంచి పండు తడి పూతను కరిగిస్తూనే ఉంటుంది. ముందుగా మెత్తబడేది పుల్ల చుట్టూనే.

చేసిన రోజే తినేయండి అని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2014 చివర్లో అమెరికాలో ప్యాక్ చేసి అమ్మిన కారమెల్ (మెత్తగా సాగే పాకం పూత) యాపిల్స్‌తో ముడిపడి 12 రాష్ట్రాల్లో 35 మందికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకింది, కొందరు చనిపోయారు కూడా. పుల్ల గుచ్చినచోట ఊరే రసం పూతకీ తొక్కకీ మధ్య చేరుతుందని, బయట ఉంచితే అక్కడ ఆ బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుందని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. మనది కారమెల్ కాదు, గట్టి క్యాండీ. అయినా పుల్ల పెట్టే కన్నం అదే కదా. ఆ రోజు తినలేకపోతే గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా అవగొట్టండి. పూత కాస్త జిగురెక్కుతుంది, అంతకు మించి ఉంచొద్దు. గర్భిణులకు, వయసు పైబడినవాళ్లకు అప్పటికప్పుడు చేసిందే ఇస్తాను.

చిన్నపిల్లలకైతే పండును అలాగే చేతికివ్వను. చెక్క పలక మీద పెట్టి, బరువైన కత్తితో పుల్ల పక్కనుంచి ఒక్క దెబ్బలో నరికి, గింజలున్న భాగం తీసేసి, సన్నటి ముక్కలు చేస్తాను. వాడిగా విరిగిన పూత పెచ్చులు ఏరేస్తాను.

అడుగున గడ్డకట్టిన పాకాన్ని చూసి గిన్నె పోయిందనుకోవద్దు. గీకొద్దు కూడా. అందులోనే నీళ్లు పోసి, థర్మామీటర్, గరిటె అన్నీ అందులోనే వేసి మరిగించండి. పది నిమిషాల్లో అంతా కరిగి ఎర్రటి నీళ్లయిపోతుంది.