సంక్రాంతి ప్రయాణానికి బొంత పని సర్దుకోవడం ఎలా

బొంత కుట్టేటప్పుడు కొంత పని బల్ల మీద జరుగుతుంది, కొంత ఒళ్లో జరుగుతుంది. కొలవడం, కత్తిరించడం, ఇస్త్రీ చేయడం, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో తేల్చుకోవడం బల్ల మీది పనులు. ముక్కలు కలపడం, పొరలు కుట్టడం ఒళ్లో చేసుకునేవి. రైల్లోనూ చుట్టాల ఇంట్లోనూ బల్ల దొరకదు కాబట్టి, మొదటి రకం పనంతా బయల్దేరే ముందే అయిపోవాలి. ఊళ్లో సంచి తెరిస్తే సూది చేతిలోకి తీసుకోవడం తప్ప మరే ఆలోచనా అక్కర్లేకుండా ఉండాలి. చాలామంది గుడ్డలన్నీ మూటగట్టి "అక్కడికెళ్లాక చూసుకుందాం" అనుకుంటారు. ఆ మూట పండగంతా మంచం కింద ఉండి అలాగే తిరిగొస్తుంది.

శీతాకాలపు ప్రయాణానికి రెండు రకాల పని పెట్టుకుంటే బాగుంటుంది. బండిలో కుట్టడానికి అరచేతిలో పట్టే చిన్న ముక్కలు, ఊళ్లో ఎండలో కూర్చుని కుట్టడానికి ఒళ్లో పట్టే చదరాలు. మంచమంత బొంతను మాత్రం తీసుకెళ్లకండి. అది సూట్‌కేసులో సగం చోటు తింటుంది, నేల మీద ఈడ్చుకుపోతుంది, పండగ ఇంట్లో దాని మీద ఎవరో ఒకరు కాఫీ పోస్తారు.

ముందు గుడ్డ సంగతి

పాత నూలు చీరలు బొంతకు అన్నిటికన్నా మేలు. ఎన్నో ఉతుకుల్లో కుంచించుకోవాల్సినంతా కుంచించుకుని ఉంటాయి, సూది సులువుగా దిగుతుంది. అయితే చీరంతా ఒకే తీరున అరగదు. కుచ్చిళ్ల కింది భాగం, కూర్చునేచోట పడే భాగం ముందు పలచబడతాయి. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి, రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగి చూడండి. పోగులు విడిపోతుంటే ఆ భాగం నడిమి పొరకు పనికొస్తుంది, పై పొరకు వద్దు. జరీ అంచులు కోసేయండి, సూది వాటికి తగులుకుంటుంది. పాలిస్టర్ చీరను నూలుతో కలపొద్దు. ఇస్త్రీ వేడి నూలుకు చాలకముందే పాలిస్టర్ ముడుచుకుపోతుంది.

కొత్త గుడ్డ అయితే తప్పకుండా ఉతకాలి. పెడన కలంకారీ అచ్చుల్లోనూ ముదురు ఎరుపు, నీలం చేనేతల్లోనూ రంగు దిగే అవకాశం ఉంది. ముక్కను తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్ల గుడ్డకు మరక అంటితే మళ్లీ ఉతకండి. మూడోసారి కూడా అంటితే ఆ గుడ్డను ఈ బొంతలో వాడకపోవడమే మంచిది. మంగళగిరి లాంటి చేనేతలు కొన్ని అంచు దగ్గర త్వరగా పోగులూడతాయి. ముక్క అంచున మడతకోసం మామూలుగా వదిలే 7 మిల్లీమీటర్లకు బదులు వాటికి 1 సెంటీమీటరు వదలండి.

బండిలోకి: ఆరుపలకల ముక్కలు

కాగితం మీద గుడ్డ మడిచి, ఆరుపలకల ముక్కలుగా చేసి, ఒకదానికొకటి కుట్టే పద్ధతి ప్రయాణానికి చక్కగా ఒదుగుతుంది. బండి ఊగినా కొలత చెడదు, ఎందుకంటే కొలతంతా లోపలి కాగితంలో ఉంటుంది.

ఒక్కో పలక 2.5 సెంటీమీటర్లు ఉండే కొలత తీసుకోండి. ఎదురెదురు మూలల మధ్య 5 సెంటీమీటర్లు, ఎదురెదురు పలకల మధ్య దాదాపు 4.3 సెంటీమీటర్లు వస్తుంది. ఏ4 షీటులో వరుసకు 4 చొప్పున 7 వరుసలు, మొత్తం 28 పడతాయి. ప్రింట్ తీసేటప్పుడు సైజు 100 శాతం అని పెట్టండి. "పేజీకి సరిపోయేలా" అని ఉంటే కొలత మారిపోతుంది. మొదటి షీటు రాగానే స్కేలుతో ఒక పలకను కొలిచి చూసుకోండి. ఒక అట్టముక్క చుట్టూ పెన్సిలు తిప్పి గీసే పద్ధతి వద్దు. పెన్సిలు మందం వల్ల ముక్కకో మిల్లీమీటరు పెరిగినా, పది ముక్కలు కలిసేసరికి సెంటీమీటరు తేడా వచ్చి వరుస వంకరపోతుంది.

కాగితం మందం 120 నుంచి 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) ఉండాలి. మామూలు జెరాక్స్ కాగితం మడత దగ్గర మెత్తబడి పలక గుండ్రమవుతుంది. పెళ్లి కార్డులు చాలామంది దాచుకుంటారు గానీ అవి మరీ మందం. రెండు ముక్కలను పక్కపక్కన పట్టినప్పుడు వంగవు, సూది తోయడానికి వేళ్లు నొప్పెడతాయి.

గుడ్డను ఆరుపలకలుగా కత్తిరించే శ్రమ అక్కర్లేదు. 6.5 సెంటీమీటర్ల చదరాలు చాలు, మిగిలిన మూలలు మడతలోకి పోతాయి. 110 సెంటీమీటర్ల పన్నా గుడ్డ అర మీటరులో 112 చదరాలు వస్తాయి. పసిబిడ్డకు 75 × 90 సెంటీమీటర్ల బొంతకు సుమారు 420 ముక్కలు కావాలి కాబట్టి నాలుగు రంగులు, ఒక్కోటి అర మీటరు, సరిపోతాయి.

గుడ్డను కాగితం మీద మడిచి కచ్చా కుట్టు వేయడం ఇంట్లోనే ముగించండి. ఇక్కడ బిగువు ముఖ్యం. మడత వదులైతే లోపల కాగితం ఆడుతుంది, కలిపిన తర్వాత పలకల మధ్య సందులు కనిపిస్తాయి. ప్రతి మూల దగ్గరా రెండు మడతలూ కలిసేచోట గుడ్డలోంచి మాత్రమే ఒక వెనక కుట్టు వేస్తే మూల కదలదు. కాగితాన్ని గుచ్చకపోతే అదే కాగితం మళ్లీ మళ్లీ వాడొచ్చు. గ్లూ స్టిక్‌తో అంటించే వాళ్లు ఒక్కో పలక మధ్యలో చిన్న గీత మాత్రమే రాయాలి. అంచుదాకా రాస్తే సూది జిగటపడుతుంది, తీసేటప్పుడు కాగితం చిరుగుతుంది.

ఇప్పుడు పొట్లాలు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం 7 ముక్కలైతే ఒక పువ్వు. అందులో 12 అతుకులు ఉంటాయి. ఒక్కో అతుకుకు 12 నుంచి 14 కుట్లు పడతాయి. చేయి తిరిగినవాళ్లకు ఒక పువ్వు దాదాపు గంట పని. ప్రతి పువ్వుకూ ఒక చిన్న జిప్ కవరు తీసుకుని, అందులో 7 ముక్కలు, అట్టముక్కకు చుట్టిన 6 మూరల దారం పెట్టండి. దారాన్ని మూర చొప్పున ముందే తెంపి ఉంచితే కత్తెర పని సగం తగ్గుతుంది. మూరకన్నా పొడవైతే గుడ్డలోంచి అన్నిసార్లు లాగడంలో నూగు లేచి చిక్కుపడుతుంది. రాత్రి బండికి రెండు పొట్లాలు, పగటి బండికి నాలుగు చాలు.

కలిపేటప్పుడు రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పట్టి, మడత అంచున రెండు మూడు పోగులు మాత్రం తీసుకుంటూ హెమ్మింగ్‌లా కుట్టుకుంటూ పోవాలి. సూదికి కాగితం తగిలితే గరగరమంటుంది, లోతుగా గుచ్చారన్నమాట. లోతు కుట్లే తర్వాత పైకి చుక్కల్లా కనిపిస్తాయి. ఆరు వైపులా అతుకులు పూర్తయిన ముక్కలోంచే కాగితం తీయండి. బయటి వరుస కాగితాలు ఇంటికి వచ్చేదాకా ఉండాలి.

ఎండలోకి: చదరాలు

90 × 120 సెంటీమీటర్ల బొంతను 30 సెంటీమీటర్ల చదరాలు 12గా విడగొట్టుకోవచ్చు. ఒక్కో చదరానికి పై పొర, పాత చీర రెండు మడతల నడిమి పొర, అడుగు పొర, అన్నీ 34 సెంటీమీటర్లకు కత్తిరించండి. పొరలను బల్ల మీద పరిచి, అడుగు పొరను టేపుతో కొద్దిగా బిగించి, అరచేతి వెడల్పు దూరంలో అడ్డం నిలువు కచ్చా కుట్లు వేయండి. పిన్నులతో సరిపెట్టుకోవద్దు. సంచిలో ఒత్తిడికి పొరలు జరుగుతాయి, అడుగున ముడతలు పడతాయి, అది అటువైపు తిప్పి చూసేదాకా తెలియదు.

చుట్టూ అంచు నుంచి 5 సెంటీమీటర్లు కుట్టకుండా వదిలేయాలి. ఈ నియమం తప్పితే చదరాలను కలపడం నరకం. ఆ ఖాళీ ఉంటేనే ఇంటికొచ్చాక పొరలు విడదీసి, పై పొరనూ అడుగు పొరనూ 33కు, నడిమి పొరను 30కి సరిచేసి, నడిమి పొర అతుకులో ఇరుక్కోకుండా కలపగలం. మధ్యలో మిగిలిన 24 × 24 సెంటీమీటర్లలో 24 మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు పట్టుకుని రన్నింగ్ కుట్టు వేస్తూ పోతే 11 గీతలు వస్తాయి. ఒక గీతకు ఒక మూర. రెండు పేటలతో కుట్టేవాళ్లు రెండు మూరలు తెంపి మడవాలి. టేపును ఏ రోజుకారోజు పీకేయండి. రాత్రంతా ఉంటే జిగురు గుడ్డలో ఉండిపోవచ్చు.

టేపు ఎందుకంటే, చలికాలంలో మిగిలిన గుర్తులు నమ్మదగినవి కావు. సుద్ద సంచిలో రాసుకుని చెరిగిపోతుంది. నీటితో పోయే నీలం పెన్ను గీతలు పొద్దుటి మంచు తేమకు కూడా పలచబడతాయి, వాటి మీద ఇస్త్రీ పెడితే గట్టిపడి ఉండిపోతాయి. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్ను ఇంకా మోసకారి. గడ్డకట్టే చలిలో ఆ గీతలు మళ్లీ తేలతాయి. అరకు చలికి కాదు గానీ, కశ్మీరు వెళ్లేవాళ్లూ, అమెరికా చలిలో రాత్రంతా కారులో సంచి వదిలేసేవాళ్లూ దాన్ని ముట్టుకోవద్దు.

సూదులు, వెలుతురు, వేళ్లు

పువ్వులకు 9 లేదా 10 నంబరు సన్న సూదులు, చదరాలకు కాస్త పొడవైన 6 లేదా 7 నంబరువి. సరిగ్గా పది సూదులు తీసుకెళ్లి, ఉన్ని గుడ్డ ముక్కకు వరుసగా గుచ్చి, లేచిన ప్రతిసారీ లెక్కపెట్టండి. బెర్తులో, రగ్గుల్లో పోయిన సూది పిల్లలకు గుచ్చుకుంటుంది. చిన్న అయస్కాంతం ఒకటి సంచిలో ఉంచితే వెతకడం సులువు. తేమ పట్టిన గుడ్డలో సూదులు తుప్పుపడతాయి, తుప్పు మరక నూలు నుంచి అంత తేలిగ్గా పోదు. అందుకే కుట్టు మధ్యలో ఆపినప్పుడు సూదిని చదరానికే గుచ్చి వదిలేయొద్దు.

జనవరిలో సాయంత్రం ఆరింటికల్లా చీకటి. ముదురు గుడ్డ మీద ముదురు దారం పగలు మాత్రమే కుట్టండి. లేత రంగు పొట్లాల మీద "సాయంత్రం" అని రాసి విడిగా పెట్టుకోండి. చలికి పగిలిన వేళ్లకు దారం తగులుకుంటుంది. కొబ్బరినూనె రాసుకుని వెంటనే కుట్టడానికి కూర్చుంటే గుడ్డ మీద మరకలు ఖాయం. నూనె గానీ వాజిలిన్ గానీ పడుకునే ముందు రాసుకోండి. వేళ్లు చల్లబడి సన్నబడితే లోహపు వేలి తొడుగు జారిపోతుంది, లోపల చిన్న టేపు ముక్క అంటిస్తే నిలుస్తుంది.

దారానికి తేనె మైనం రాస్తే చిక్కులు తగ్గుతాయి. కొవ్వొత్తి వద్దు, ఇస్త్రీ చేసినప్పుడు కరిగి మరకవుతుంది.

రైలు, బస్సు, విమానం

రైల్లో పగలైతే సైడ్ లోయర్ కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది. స్టేషన్ దగ్గర పట్టాలు మారేటప్పుడు బండి కుదుపుతుంది, ఆ నిమిషం సూది ఆపండి. బస్సులో, ముఖ్యంగా ఘాట్ రోడ్డులో, అసలు కుట్టొద్దు. కాగితాలు తీయడం, రంగులు జత చూసుకోవడం లాంటివి చేసుకోండి. విమానంలో అయితే మన దేశంలో కత్తెర చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. అమెరికాలో ఇరుసు నుంచి 4 అంగుళాల లోపు కత్తెరను క్యాబిన్‌లోకి రానిస్తారు, కానీ లోపల బ్లేడు దాగిన గుండ్రని దారపు కటర్లు కుదరవు. ఖాళీ అయిన డెంటల్ ఫ్లాస్ డబ్బాకుండే చిన్న కోత అంచు దారం తెంపడానికి చక్కగా పనికొస్తుంది.

ఊళ్లో ఎండకు కూర్చుని చదరం తీయగానే అత్తమ్మో పెద్దమ్మో పక్కన చేరి "ఇలా ఇవ్వమ్మా" అనడం సహజం. వాళ్లకోసం కన్ను పెద్దదిగా ఉన్న సూదులు రెండు, ఎక్కువ చదరాలు రెండు పెట్టుకోండి. సగం కుట్టింది ఇవ్వకుండా కొత్త చదరం మొత్తం వాళ్లకే ఇవ్వండి. ఒక్కొక్కరి కుట్టు బిగువు ఒక్కోలా ఉంటుంది, ఒకే చదరంలో రెండు చేతులు పడితే బిగువు కుట్టిన వైపు ముడుచుకుని చదరం మూల తప్పుతుంది. ఇచ్చేముందు అంచున వదిలిన ఖాళీలో వరుస సంఖ్య, పైవైపుకు ఒక బాణం పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ అంచు ఎలాగూ అతుకులోకి పోతుంది.