రీఫండ్ అయిందంటారు, అకౌంట్లో మాత్రం ఉండదు: సమస్య - పరిష్కారం

మా ఇంట్లో ఎవరి రీఫండ్ ఆగినా ఫోన్ నా చేతికొస్తుంది. అలా చూసీ చూసీ ఒకటి అర్థమైంది. రెండు వేలు, మూడు వేలు రావాల్సి ఉంటే మనం నిద్రపోం, వాళ్లనూ పోనివ్వం. అందుకే అవి వచ్చేస్తాయి. ఆగిపోయేవన్నీ 18, 35, 50 రూపాయలే. అవి ఎక్కడెక్కడ ఆగుతాయో, ఎలా లాగాలో కింద రాస్తున్నాను.

సమస్య: "మీ రీఫండ్ పూర్తయింది" అని మెసేజ్ వచ్చింది. బ్యాంకులో పైసా పడలేదు.

నూటికి తొంభై సార్లు ఆ డబ్బు యాప్‌లోని వాలెట్‌లోనే కూర్చుని ఉంటుంది. మొన్న ఒక కిరాణా యాప్‌లో కొత్తిమీర కట్టకి డబ్బు తీసుకున్నారు, కట్ట మాత్రం సంచిలో లేదు. ఫిర్యాదు చేస్తే రెండు నిమిషాల్లో "₹18 రీఫండ్ సక్సెస్" అన్నారు. పాస్‌బుక్ చూస్తే ఏమీ లేదు. తీరా వెతికితే యాప్ వాలెట్‌లో ఉంది, దాని పక్కన సన్న అక్షరాల్లో గడువు తేదీ. ఫిర్యాదు పెట్టేటప్పుడు "వెంటనే వాలెట్‌కి", "మొదట కట్టిన ఖాతాకి" అని రెండు బటన్లు వచ్చాయి, మొదటిది ముందే టిక్ అయి ఉంది. నేను చూడలేదు.

పరిష్కారం: ఆ టిక్ మార్చి రెండోది ఎంచుకోండి. అసలు ఆ అవకాశమే ఇవ్వకపోతే గట్టిగా అడగండి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా క్యాబ్స్‌కి ఇచ్చిన ఆదేశం సరిగ్గా ఈ విషయం మీదే. రీఫండ్ కూపన్‌గా కావాలో, బ్యాంకు ఖాతాలో కావాలో కస్టమరే ఎంచుకునే వీలుండాలని చెప్పింది. 2025 ఆగస్టులో ర్యాపిడోకి 10 లక్షల జరిమానా వేసింది కూడా ఇదే సంస్థ. ఆటో 5 నిమిషాల్లో రాకపోతే 50 రూపాయలన్న ప్రకటనకి, ఇచ్చింది రూపాయలు కాదు, "కాయిన్స్". అవీ బైక్ రైడ్‌కే, అదీ ఏడు రోజుల్లోపే. బస్సులో చిల్లరకి బదులు చాక్లెట్ ఇస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పాతరోజుల్లో కండక్టరే నయం, టికెట్ వెనక బాకీ ఎంతో పెన్నుతో రాసైనా ఇచ్చేవాడు.

వాలెట్‌లోనూ లేదా? అప్పుడు కస్టమర్ కేర్‌ని "ఎప్పుడొస్తుంది" అని అడగొద్దు, "రిఫరెన్స్ నంబరు ఇవ్వండి" అనండి. యూపీఐతో కట్టి ఉంటే 12 అంకెల యూటీఆర్, కార్డుతో కట్టి ఉంటే 23 అంకెల ఏఆర్ఎన్. ఆ నంబరు ఇస్తే బ్యాంకువాళ్లు డబ్బు ఎక్కడుందో చూడగలరు. ఇవ్వలేక నసిగితే, చాలాసార్లు వాళ్లింకా పంపనే లేదని అర్థం. క్రెడిట్ కార్డయితే సేవింగ్స్ ఖాతాలో వెతక్కండి, కార్డు స్టేట్‌మెంట్‌లో జమ వైపు చూడండి.

సమస్య: డబ్బు వచ్చింది, కానీ తక్కువ వచ్చింది.

రౌండింగ్, పన్ను, "కన్వీనియన్స్ ఫీజు", వీటిలో ఏదో ఒకటి కోసి ఉంటారు. దీనికి రాజస్థాన్‌లోని కోటా ఇంజనీరు కథ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2017 జులై 2న ప్రయాణానికి 765 రూపాయలకు రైలు టికెట్ తీశాడు, తర్వాత రద్దు చేసుకున్నాడు. 65 రూపాయలు కోయాల్సిన చోట 100 కోశారు. జీఎస్టీ ఇంకా మొదలే కాకముందు రద్దు చేసిన టికెట్‌కి సేవా పన్ను పేరుతో 35 అదనం. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టీ పెట్టీ 2019లో డబ్బు రప్పించుకున్నాడు. ఎంత? 33. మిగతా రెండు రూపాయలు రౌండింగ్ కింద పోయాయి. ఆ రెండింటి కోసం మరో మూడేళ్లు పోరాడాడు. చివరికి 2022లో, తనలాగే నష్టపోయిన 2.98 లక్షల మందికి 2.43 కోట్ల రూపాయలు తిరిగివ్వడానికి ఐఆర్‌సీటీసీ ఒప్పుకుంది. ఒక్కొక్కరికి కూరగాయల ఖర్చు కూడా రాదు, అందరిదీ కలిపితే కోట్లు. కంపెనీలు చిన్న మొత్తాల దగ్గర బద్ధకించడానికి కారణం కూడా ఆ లెక్కే అని నా అనుమానం.

పరిష్కారం: ఇన్వాయిస్, రద్దు రసీదు పక్కపక్కన పెట్టి తేడా ఏ పద్దు కింద పోయిందో చూడండి. "డబ్బు తక్కువొచ్చింది" అని కాకుండా "ఫలానా పద్దు కింద 35 ఎందుకు కోశారు" అని రాతపూర్వకంగా అడగండి.

సమస్య: లావాదేవీ ఫెయిల్, డబ్బు కట్.

ఇది కంపెనీ కోత కాదు, బ్యాంకు చిక్కు. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే, దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగితే, అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా తేలకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయండి.

సమస్య: కంపెనీ ఎక్కువ వసూలు చేసిందని తేలింది, నాకేమీ రాలేదు.

జీఎస్టీ తగ్గినా ధర తగ్గించని కంపెనీల మీద పాత కేసుల్లో ఇలా జరుగుతుంది (2025 ఏప్రిల్ నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం లేదు). షాంపూ ప్యాకెట్ ఎవరు కొన్నారో ఎక్కడా లెక్క ఉండదు. కొన్నవాళ్లని గుర్తించలేనప్పుడు ఆ సొమ్ము సగం కేంద్రం, సగం రాష్ట్రం వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది. మీ చేతికి రాదు, వెతక్కండి.

సమస్య: "మీకు రీఫండ్ ఉంది సార్" అని వాళ్లే ఫోన్ చేశారు.

పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మీ ఖాతాలోంచే పోతుంది. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లనూ నమ్మొద్దు, యాప్‌లో ఉన్నదే వాడండి. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏదీ పని చేయకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆర్డర్ నంబరు, తేదీ, స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. నా కొత్తిమీర 18 రూపాయలు ఇక్కడ ఫిర్యాదు పెట్టిన నాలుగో రోజు బ్యాంకులో పడ్డాయి.

ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే ఊరి కమిషన్‌లోనే వేయొచ్చు, కొన్న విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పద్దెనిమిదికి అక్కడిదాకా వెళ్లమని మాత్రం చెప్పను. మథుర స్టేషన్‌లో 70 రూపాయల టికెట్లకి 90 తీసుకున్నారని ఒక లాయరు 1999లో కేసు వేశారు. 2022లో గెలిచారు: ఆ 20 రూపాయలకి ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన 15 వేలు. ఈలోపు వంద సార్లకు పైగా వాయిదాలకి తిరిగారు.