ఉక్కు పడవ రంగు కింద బొబ్బలా? ముందు ఉప్పు చూడండి

రంగు వేసి ఏడాది కాలేదు. పడవను ఒడ్డుకెక్కించి చూస్తే నీటిమట్టానికి కింద శనగగింజంత బొబ్బలు. పెయింటు నాసిరకమని తిట్టి, గ్రైండర్‌తో చెక్కేసి, మళ్లీ రెండు పూతలు ఎపాక్సీ రంగు కొడతారు. కొన్నాళ్లకు అవే చోట్ల మళ్లీ లేస్తాయి. దయచేసి గ్రైండర్ పట్టుకునే ముందు ఒక్క బొబ్బను చాకుమొనతో చిదిమి చూడండి. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్క పనీ చెయ్యరు.

లోపల నీళ్లుండి, కింద రేకు నల్లబడి ఉంటే మొదట అనుమానించాల్సింది ఉప్పునే. ఎపాక్సీ ఎంత మందంగా వేసినా తేమ కొద్దికొద్దిగా దాన్ని దాటుతూనే ఉంటుంది. రేకు మీద ఉప్పు మిగిలితే అది ఆ తేమను పట్టుకుని ఉప్పునీరవుతుంది, ఇంకా నీటిని లాగుతుంది, చివరికి రంగును పైకి నెడుతుంది. సముద్రంలో తిరిగిన పడవను మంచినీళ్లలోకి తెస్తే ఈ లాగుడు ఇంకా ఎక్కువ.

"బ్లాస్టింగ్ (గ్రిట్ అనే గరుకు రవ్వను గాలి ఒత్తిడితో రేకు మీదికి చిమ్మి తుప్పు రాలగొట్టడం) చేయించాం కదా" అంటారు. నేనూ అక్కడే దెబ్బతిన్నాను. ఎస్‌ఏ 2½ (రేకు దాదాపు పూర్తిగా శుభ్రమయ్యే స్థాయి) వరకు బ్లాస్టింగ్ చేయించి, పొద్దుపోయిందని ప్రైమర్ (మొదటి పూత) మర్నాటికి వాయిదా వేశాను. తెల్లారేసరికి రేకంతా శుభ్రంగానే ఉంది, పాత తుప్పు గుంటల్లో మాత్రం ఆవగింజంత నల్లచుక్కలు. బ్రష్‌తో రుద్దేసి ప్రైమర్ వేయించాను. బొబ్బలు సరిగ్గా ఆ చుక్కల దగ్గరే లేచాయి. గ్రిట్ తుప్పును రాలగొడుతుంది కానీ గుంట అడుగున ఇరుక్కున్న ఉప్పును తియ్యలేదు. దాన్ని తీసేది నీళ్లే.

కాబట్టి బొబ్బలున్న భాగమంతా రేకు దాకా తీసెయ్యండి. ముందు జిడ్డు కడగండి, తర్వాత బ్లాస్టింగ్, ఆపైన మంచినీటితో హైప్రెషర్ వాష్. ఒక రాత్రి అలాగే వదిలెయ్యండి. పొద్దున చుక్కలు కనిపిస్తే మళ్లీ కడిగి, ఆరాక తేలిగ్గా మళ్లీ బ్లాస్టింగ్. ప్రైమర్‌కు ముందు బ్రెస్లే ప్యాచ్‌తో (రేకుకు అంటించి, నీళ్లు ఎక్కించి, కరిగిన ఉప్పును కొలిచే చిన్న పట్టీ) ఉప్పు కొలవండి, అదీ గుంటలున్న చోటే, నున్నటి చోట కాదు. ఓడల బ్యాలస్ట్ ట్యాంకులకు (ఓడ నిలకడకు సముద్రపు నీళ్లు నింపే ట్యాంకులు) అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎమ్ఓ పెట్టిన హద్దు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. నీటిమట్టం కింద నేను దాన్ని దాటనివ్వను.

బొబ్బలు ఆనోడ్ల (రేకుకు బదులు తాము అరిగిపోయేలా పడవకు కట్టే లోహపు దిమ్మెలు) చుట్టూనే ఉండి, లోపలి నీటికి ఎర్ర లిట్మస్ నీలంగా మారితే ఆనోడ్లు ఎక్కువయ్యాయి. ఉప్పునీటి పడవకు మెగ్నీషియం కట్టారేమో చూడండి.

రంగు రేకు నుంచే పొరలుగా ఊడితే పూసేటప్పుడు మంచు పట్టిందన్నమాట. రేకు వేడి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా పట్టే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. గాలిని కాదు, రేకునే కొలవండి.

కోటుకూ కోటుకూ మధ్య ఊడితే చలిలోనో తేమలోనో ఆరిన ఎపాక్సీ మీద తేలే జిగురుపొర కారణం. థిన్నర్‌తో తుడిస్తే పోదు. గోరువెచ్చని నీళ్లతో, స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది కడగాలి.

వెల్డుల వెంట, అంచుల వెంట మాత్రమే తుప్పొస్తే అక్కడ రంగు పలచబడింది. అంచు గుండ్రంగా అరగదీసి, స్ప్రేకు ముందు బ్రష్‌తో ఒక కోటు అదనంగా పూయండి.

ఒడ్డు కరెంటు లీకేజీ వల్ల రేకు తినేయడం అరుదు. పైవన్నీ చూశాకే దాని జోలికెళ్లండి.