బాహా ఎడారి తీరం వెంట తెరచాప పడవలో: ముందు గాలి, తర్వాత తిమింగలాలు

మెక్సికోలో బాహా కాలిఫోర్నియా తూర్పు తీరానికి పడవ మీద వెళ్తామనే వాళ్ళంతా నన్ను తిమింగలాల గురించే అడుగుతారు. నేను మాత్రం ఏ నెలలో వెళ్తారని తిరిగి అడుగుతాను.

చిక్కేమిటంటే, ఆ తీరంలోని లొరేతో అనే ఊరి దగ్గర నీలి తిమింగలాలు కనిపించేది జనవరి నుంచి మార్చి దాకా. ఉత్తరపు గాలి విరుచుకుపడేదీ అప్పుడే. ఒకసారి మొదలైతే 20-30 నాట్ల (గంటకు సుమారు 37-55 కిలోమీటర్ల) వేగంతో రెండు మూడు రోజులు వీస్తుంది. అలలు మరీ ఎత్తుగా ఉండవు కానీ ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా వస్తాయి. పడవ ముక్కు లేచేలోపే రెండోది తగులుతుంది. అందుకని నీలి తిమింగలాలే కావాలంటే లొరేతో చుట్టుపక్కలే ఉండండి. కార్మెన్, దాన్సాంతే దీవుల మధ్య పగటిపూట చిన్న చిన్న ప్రయాణాలు చాలు. గాలి సూచన రాగానే ప్యుయెర్తో ఎస్కొందీదోలోకి దూరిపోండి. చుట్టూ నేల అడ్డున్న రేవు అది. ఉత్తరాన బాహియా దె లోస్ ఆంజెలెస్ అనే అఖాతం వైపు పోవాలంటే ఏప్రిల్, మే నెలలు నయం. ఫిన్ అనే మరో జాతి తిమింగలాలు ఈ సముద్రంలో ఏడాది పొడుగునా ఉంటాయి కాబట్టి తొందరేమీ లేదు. తూర్పు పసిఫిక్‌లో తుఫాను కాలం మే 15న మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. ఆ లెక్క ముందే వేసుకోండి.

ఉత్తరానికి పోతూ సాంతా రొసాలియా ఊరు దాటాక చాలా దూరం దాకా సరుకులూ డీజిలూ దొరుకుతాయని నమ్ముకోవద్దు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేసి, వారం పాటు అదనంగా నింపుకోండి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా సరే ఈ నీళ్ళు తగ్గించకండి. నాచు ముసిరి సముద్రం ఎర్రబడిన రోజుల్లో దాని ఫిల్టర్లు ఇట్టే పూడుకుపోతాయి.

చార్టులను, అంటే సముద్ర పటాలను, గుడ్డిగా నమ్మకండి. పాత సర్వేలకూ జీపీఎస్‌కూ చాలాచోట్ల పొంతన ఉండదు. నీళ్ళలో లంగరేసుకున్న పడవ జీపీఎస్ తెర మీద కొండెక్కి కూర్చుంటుంది! కొత్త చోటికి ఎండ ఉండగానే చేరండి. లోతుకు కనీసం ఐదింతల లంగరు గొలుసు వదలండి.

ఇక తిమింగలాలు. ముందు కనిపించేది ఊపిరి ఆవిరే. సన్నగా, నిటారుగా, చాలా ఎత్తుకు లేస్తే నీలి తిమింగలం కావచ్చు. ఊపిరి వదిలిన వెంటనే వీపు మీద వంపు తిరిగిన రెక్క తేలితే ఫిన్ అనుకోండి. దాని కుడి కింది దవడ తెల్లగా, ఎడమది నల్లగా ఉంటుంది. ఫిన్ మునిగేటప్పుడు తోక దాదాపు చూపించదు, దాని కోసం కెమెరా పట్టుకుని కూర్చోకండి.

కనిపించగానే చుక్కాని అటు తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. అది పోయే దారికి పక్కగా, వంద మీటర్లకు తగ్గకుండా దూరంలో నెమ్మదిగా సాగండి. ఎదురుగా అడ్డం పోవద్దు, తల్లీపిల్లల మధ్యకు అసలే వద్దు. అదే దగ్గరికొస్తే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి ఊరుకోండి. తెరచాపల మీద పోయే పడవకు చప్పుడు తక్కువ. నీటి మీద నిద్రపోతున్న తిమింగలానికి మీరొస్తున్నట్టు తెలియకపోవచ్చు. అందుకే ముందువైపు చూసేందుకు ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. రాత్రి ప్రయాణం నేనైతే ఒప్పుకోను.

పిల్లలతో ఉన్న బూడిద తిమింగలాలను చూడాలంటే పసిఫిక్ వైపు సాన్ ఇగ్నాసియో లగూన్‌కు (ఉప్పునీటి కయ్యకు) పోవాలి. అక్కడ మీ పడవ పనికిరాదు. లైసెన్సున్న స్థానికుల పాంగా అనే చిన్న మోటారు పడవెక్కి వెళ్ళాల్సిందే.