సరస్సు ఒడ్డుకు ఒక ఖాళీ నూనె డబ్బా

ఆదివారాలు ఒడిశాలోని బరంపురం నుంచి ఛత్రపురం దగ్గరి తంపర సరస్సుకు పిల్లలతో వెళ్లినప్పుడల్లా, ఎవరైనా కాలు జారి లోతులో పడితే ఒడ్డు నుంచి విసరడానికి చేతిలో ఏమీ లేదన్న దిగులు నన్ను వదిలేది కాదు. ఇప్పుడు ఇంట్లో ఖాళీ అయిన 5 లీటర్ల నూనె డబ్బాను శుభ్రంగా కడిగి, అందులో అర లీటరు నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, పిడికి 15 మీటర్ల నైలాన్ తాడు ముడివేసి వెంట తీసుకువెళ్తున్నాను. ఆ కొద్దిపాటి నీటి బరువు ఉంటేనే డబ్బా దూరం వెళ్తుంది. పూర్తిగా ఖాళీదైతే గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. తాడు రెండో కొసను కాలి కింద తొక్కిపెట్టి, డబ్బా ఆ మనిషి తలను దాటి పడేలా విసిరి, తాడు అతని చేతికి అందేటట్లు మెల్లగా లాగాలి. కొసను చేతికి మాత్రం చుట్టుకోకూడదు, మనల్నీ నీటిలోకి లాగేస్తుంది. అందుకున్నాక డబ్బాను రొమ్ముకు హత్తుకోమని కేక వేసి చెప్పాలి. ముందుగా ఏదైనా మైదానంలో నాలుగైదుసార్లు విసిరి చూసుకోవడం మంచిది.

డబ్బాకు పగులు ఉన్నా, మూత వదులైనా నీరు నిండి మునిగిపోతుంది; ఎదురుగాలి జోరుగా ఉంటే అంత దూరం చేరదు. చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ ఊళ్లో పడవ ఎక్కేవారికి లైఫ్ జాకెట్ తప్పనిసరి, దాని బదులు ఇది పనికిరాదు.